నాన్న చెప్పిన తెల్లకారు కథ

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఒక్క యాక్సిడెంటు చేసి ఎరగడు. రోడ్డు ఎంత ఖాళీగా వున్నాసరే, ముల్లు అరవై దాటనిచ్చేవాడు కాదు. "డ్రైవరుకి కంగారేమిట్రా, కంగారు ప్యాసింజర్లకి వుండాలి" అనేవాడు. అటువంటి మనిషికి ప్రపంచంలోకెల్లా ఇష్టమైన సినిమా ఏమిటో తెలుసా? "వానిషింగ్ పాయింట్"! మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా ఒకడు పోలీసులకి దొరక్కుండా కారు తోలుతూనే వుండే సినిమా! విడ్డూరం కాదూ?

కుర్రతనంలో బెజవాడలో చూశాడట. నాన్నకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఆ సినిమాకి భాష పెద్దగా అక్కర్లేదు లెండి. వేసవి రాత్రుళ్లు డాబా మీద పక్కలు పరుచుకుని పడుకుంటే, అన్నయ్య ఒక పక్క, నేను ఒక పక్క. మధ్యలో నాన్న. చేతిలో అన్నం తిన్న పళ్లెం... అదే స్టీరింగు! నోటితోనే ఇంజను, నోటితోనే బ్రేకులు. మాకు ఊహ తెలిసిన నాటినుంచి విన్న కథల్లో రాముడి కథ తర్వాత ఇదే.

కథ చిన్నదే. కోవాల్‌స్కీ అని ఒకడు. ఒకప్పుడు పోలీసు, ఒకప్పుడు రేసుల్లో పాల్గొన్నవాడు. ప్రస్తుతం ఒక ఊళ్లో కారు తీసుకుని యింకో ఊళ్లో అప్పజెప్పడం అతని వుద్యోగం. డెన్వర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఒక తెల్లకారు చేర్చాలి. సోమవారానికి చేరిస్తే చాలు. కాని అతగాడు మర్నాడు మధ్యాహ్నం మూడింటికల్లా చేరుస్తానని స్నేహితుడితో పందెం కాస్తాడు. ఎందుకు? చెప్పడు. వెంటపడ్డ పోలీసులు అడిగినా చెప్పడు, మనకీ చెప్పడు. రేడియోలో ఒక గుడ్డి అనౌన్సరు మాత్రం అతన్ని ఆకాశానికెత్తేస్తూ వుంటాడు. ఆఖరికి పోలీసులు రోడ్డుకి అడ్డంగా రెండు బుల్‌డోజర్లు పెడతారు.

ఇక్కడికి వచ్చేసరికి నాన్న పళ్లెం గట్టిగా పట్టుకునేవాడు. "కోవాల్‌స్కీ బుల్‌డోజర్లని చూశాడు. చిన్నగా నవ్వాడు. కాలు నొక్కాడు... రయ్‌మని వాటి మీదినుంచి ఎగిరి అవతల పడ్డాడు! మూడు కాకముందే శాన్‌ఫ్రాన్సిస్కో!" మేమిద్దరం చప్పట్లు. అమ్మ కిందనుంచి "ఇంక పడుకోండి" అని కేక.

నేను యింటర్ చదివే రోజుల్లో అన్నయ్య ఎక్కడో ఆ సినిమా డీవీడీ సంపాదించాడు. తలుపులు వేసుకుని చూశాం. ఆఖరి సీను వచ్చింది. కోవాల్‌స్కీ నవ్వాడు... కాలు నొక్కాడు... సరాసరి వెళ్లి బుల్‌డోజర్లని గుద్దేశాడు. మంటలు. అంతే. సినిమా అయిపోయింది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన నాన్నని నిలదీశాం. ఖాకీ చొక్కా విప్పుతూ, మావైపు చూడకుండానే అన్నాడు: "పిల్లలకి కారు కాలిపోయిందని ఎట్టా చెప్పమంటార్రా?"

ఆలస్యంగా వచ్చిన హీరో

కోవాల్‌స్కీ వేషం వేసినాయన బారీ న్యూమన్. దర్శకుడు రిచర్డ్ సరాఫియన్. అంధుడైన అనౌన్సరు క్లీవన్ లిటిల్. 1971లో విడుదలైంది. వీళ్లంతా గొప్పవాళ్లే కాని, ఆ సినిమాకి అసలు హీరో ఎవరని ఎవర్నడిగినా ఒకే మాట చెబుతారు... ఆ తెల్లకారు! డాడ్జ్ ఛాలెంజర్ ఆర్‌టీ, 1970 మోడల్.

ఈ హీరోగారి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి. 1964లో పాంటియాక్ కంపెనీ ఒక చిత్రమైన పని చేసింది. మధ్యరకం కారులో పెద్దకారుకి పెట్టే ఇంజను పెట్టి, జీటీఓ అని పేరు పెట్టి కుర్రకారు మీదికి వదిలింది. అమెరికాలో "మజిల్ కారు" అనే కండల వీరుల కులానికి దాన్నే మూలపురుషుడంటారు చాలామంది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఫోర్డ్ వారి మస్టాంగ్ వచ్చింది. మొదటి ఏడాదిలోనే నాలుగు లక్షలకి పైగా అమ్ముడై అమెరికాని వూపేసింది. తర్వాత షెవర్లే వారు కమారోతో దిగారు.

క్రైస్లర్ సంస్థకి చెందిన డాడ్జ్ వారు మాత్రం ఛాలెంజర్‌ని 1969 చివర్లో గాని, అంటే 1970 మోడల్‌గా గాని బయటికి తేలేదు. పెళ్లయిపోయాక పందిట్లోకి వచ్చిన బాజాభజంత్రీల్లాగ! కాని ఏం వాయించిందనుకున్నారు! కావలిస్తే చిన్న ఇంజను, లేదంటే 7.2 లీటర్ల ఇంజను, అదీ చాలకపోతే 425 హార్స్‌పవర్ "హెమీ" ఇంజను. పొడవాటి ముక్కు, పొట్టి తోక, వెడల్పాటి భుజాలు. రంగులకి పెట్టిన పేర్లు వింటే నవ్వొస్తుంది... ఒక వూదా రంగు పేరు "ప్లమ్ క్రేజీ", ఒక నారింజ రంగు పేరు "గో మాంగో". మన మామిడిపండు అంత దూరం వెళ్లిందన్నమాట!

సినిమాకి ఈ కారు కావాలన్నవాడు స్టంటు డైరెక్టర్ కేరీ లాఫ్టిన్. "బులిట్" సినిమాలో ఛేజింగులు చేసిన ఘనుడు. ఛాలెంజర్ ఇంజను బలమూ, గతుకుల్ని తట్టుకునే స్ప్రింగుల గట్టితనమూ చూసి ఎంచుకున్నాడు. ఎగిరి దూకే షాట్ల కోసం షాక్ అబ్జార్బర్లు మార్చడం తప్ప కార్లకి పెద్దగా మార్పులేమీ చెయ్యలేదట. తెరమీద మనం చూసే పరుగు అంతా కొట్లో అమ్మే కారు పరుగే!

అసలు బుల్‌డోజర్లు

ఇప్పుడు వినండి విధి వైపరీత్యం. తెరమీద ఛాలెంజర్ పోలీసుల్ని ఏడిపిస్తున్న 1971లోనే, షోరూముల్లో దాని పని అయిపోవస్తోంది! మొదటి ఏడాది 80 వేల దరిదాపుల్లో అమ్ముడైన కారు, రెండో ఏడాది సుమారు 30 వేలకి పడిపోయింది. హీరో ఏడాదికే ముసలివాడయ్యాడు.

ఏ విలన్ చంపాడయ్యా అంటే, విలన్లంతా పెద్దమనుషులే. మొదటివాడు ఇన్సూరెన్సు ఏజెంటు. పాతికేళ్లు నిండని కుర్రాడు ఇంత పెద్ద ఇంజను కారు కొంటే వాడికి కట్టమన్న ప్రీమియం చూసి తండ్రులు గుండెలు బాదుకున్నారు. రెండోది చట్టం. 1970లో అమెరికా గాలి కాలుష్యం మీద గట్టి చట్టం చేసింది. పొగ తగ్గాలి, పెట్రోల్లో సీసం తగ్గాలి. అంచేత ఇంజన్ల జోరు తగ్గించక తప్పింది కాదు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ గాలి పీల్చుకోవలసింది పిల్లలేగా! 1972 మోడల్ వచ్చేసరికి హెమీ లేదు, 7.2 లీటర్ల ఇంజను లేదు, టాపు తీసే కారూ లేదు. మిగిలినవాటిలో పెద్ద ఇంజను బలం కాయితం మీద 240 హార్స్‌పవర్. కొలిచే పద్ధతి కూడా ఆ ఏడాదే మారి, అంకె మరింత చిన్నదై కనిపించింది.

మూడో దెబ్బ 1973 అక్టోబరులో తగిలింది. అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. మూడు డాలర్ల దగ్గర వున్న పీపా ధర కొద్ది నెలల్లో దాదాపు 12 డాలర్లకి ఎక్కింది. బంకుల ముందు మైళ్ల పొడుగు కార్ల వరసలు. 1974 జనవరిలో దేశమంతటా గంటకి 55 మైళ్లే వేగమని చట్టం వచ్చింది. పరుగు కోసమే పుట్టినవాడికి కాళ్లకి బేడీలు వేసినట్టే గదా! 1974 ఏప్రిల్‌లో ఛాలెంజర్ తయారీ ఆగిపోయింది. అయిదు మోడళ్లూ కలిపి అమ్మింది 1.65 లక్షల చిల్లర. మస్టాంగ్ ఒక్క ఏడాదిలో అమ్మినదాంట్లో సగం కూడా లేదు!

అంతటితో పోనిచ్చినా బాగుండేది. 1978లో కంపెనీవారు జపాన్ మిత్సుబిషి వారి నాలుగు సిలిండర్ల బుల్లికారుని తెచ్చి, దానికి ఛాలెంజర్ అని పేరు తగిలించి 1983 దాకా అమ్మారు. కారు మంచిదే పాపం. కాని పాత అభిమానులకి ఎట్లా వుంటుంది? హీరో పేరు పెట్టుకుని డూపు తెరమీదికి వచ్చినట్టు!

అన్నయ్య కొన్న కారు

ఇదంతా నేను ఎందుకు చెబుతున్నానంటే, ఈ కారు మూలంగా మా అన్నయ్యకీ నాకూ రెండేళ్లపాటు మాటల్లేవు.

అన్నయ్య డెట్రాయిట్ దగ్గర ట్రాయ్ అనే వూళ్లో ఇంజనీరు. అక్కడ కార్ల కంపెనీల్ని నమ్ముకుని బతికే తెలుగువాళ్లు బోలెడంతమంది. 2021 మే నెలలో నాన్నకి కరోనా వచ్చింది. ఆసుపత్రిలో మంచం కోసం నేను పడ్డ పాట్లు యిప్పుడు తవ్వుకోను. అదే నెల 4వ తారీకు నుంచి మన దేశం నుంచి వచ్చేవాళ్ల మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. అన్నయ్య వస్తే తిరిగి వెళ్లడానికి ఎప్పటికి వీలవుతుందో తెలియదు. ఉద్యోగం, చంటిపిల్ల, ఇంటి అప్పు. రాలేదు. పదకొండో రోజున నాన్న పోయాడు. కొరివి నేను పెట్టాను. అన్నయ్య సెల్‌ఫోన్‌లో చూశాడు.

ఆ అక్టోబరులో అన్నయ్య ఒక ఫోటో పంపాడు. తెల్ల ఛాలెంజర్! సెకండ్‌హ్యాండుదే. 2008లో కంపెనీవారు పాత రూపురేఖలతోనే ఛాలెంజర్‌ని మళ్లీ పుట్టించారు లెండి. అందులోది. నాకు ఒళ్లు మండిపోయింది. "నాన్న పోయి ఆర్నెల్లు కాలేదు. పెళ్లికొడుకు గుర్రం కొన్నావా?" అని జవాబు పంపాను. అవతలినుంచి మాట లేదు. పండగలకి అమ్మతో మాట్లాడేవాడు. నేను పక్కనుంచి లేచి వెళ్లిపోయేవాణ్ణి.

2023లో అన్నయ్యకి రెండో పాప పుట్టబోతోందని అమ్మని రమ్మన్నారు. అమ్మకి ఒంటరిగా విమానం ఎక్కడం భయం. అంచేత జులైలో నేనూ బయల్దేరక తప్పలేదు. ఎయిర్‌పోర్టుకి అన్నయ్య ఆ కారు తేలేదు. స్నేహితుడి వ్యాన్ తెచ్చాడు. పెట్టెలు పట్టవనా, నా మొహం చూడలేకనా... నేను అడగలేదు.

ఉడ్‌వర్డ్ రోడ్డు

ఆగస్టు మూడో శనివారం పొద్దున్నే వచ్చి "పద తమ్ముడూ, నీకొకటి చూపించాలి" అన్నాడు. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ వూరి దాకా పోయే ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీద 1995 నుంచి యేటా ఆగస్టులో పాతకార్ల తిరునాళ్లు జరుగుతుంది. ఒకప్పుడు కుర్రాళ్లు రాత్రిపూట పందేలు వేసుకున్న రోడ్డే అది. ఆ రోజు జనం ఫుట్‌పాత్‌ల మీద మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కార్లు నెమ్మదిగా, గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు, వెళ్తూ వుంటాయి. మస్టాంగులు, కమారోలు, జీటీఓలు...

ఒకచోట పాత ఛాలెంజర్ ఒకటి నిలబడి వుంది. ఎద్దుని తుడిచినట్టు దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు ఒక తాత. అన్నయ్య పలకరించాడు. ఆయన పక్కనున్న హామ్‌ట్రామెక్‌లో "డాడ్జ్ మెయిన్" ఫ్యాక్టరీలో తలుపులు బిగించేవాడట. జాన్, హొరేస్ అనే డాడ్జ్ సోదరులు 1910లో మొదలెట్టిన ఫ్యాక్టరీ అది. ఛాలెంజర్లు తయారైన చోటుల్లో అదొకటి. 1980 జనవరిలో మూసేశారు. తర్వాత కూలగొట్టేశారు. "ఈ కార్లు ఎవరికీ అక్కర్లేని రోజుల్లో కొన్నాను. బిగించిన తలుపుల్లో ఒక్కటైనా యింట్లో వుండాలి గదా" అన్నాడు తాత. నాకు ఏమనాలో తోచలేదు. నాన్న రిటైరైన రోజున బస్సు స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్న సంగతి గుర్తొచ్చింది.

తిరిగి వస్తూ సాయంత్రం ఒక కాఫీకొట్టు ముందు కారు ఆపాడు. మొదటిసారి ఆ ఛాలెంజర్‌లో కూర్చున్నాను. వెనక సీట్లో పాప కుర్చీ ఇరికించి వుంది, వంకరగా. ఇంజను ఆపాక కూడా దిగలేదు అన్నయ్య.

"వచ్చేవారం అమ్మేస్తున్నానురా" అన్నాడు.

నేను పలకలేదు.

"రెండో పాపకి కుర్చీ పట్టదు. ఇన్సూరెన్సు చూస్తే గుండె ఆగిపోతుంది. పెట్రోలు సరేసరి."

నాకు నవ్వు రాబోయింది, ఆపుకున్నాను. యాభయ్యేళ్ల కిందట ఛాలెంజర్‌ని చంపిన విలన్లలో యిద్దరు మళ్లీ వచ్చి మా అన్నయ్య గుమ్మంలో నిలబడ్డారు!

"నాన్న పోయిన రాత్రి..." అని ఆగాడు. "అక్కడికి రాలేను. యింట్లో కూర్చోలేను. అందరూ నిద్రపోయాక మా పాత కారు తీసుకుని వుత్తరంగా పోయాను. మాకినా వంతెన దాకా. అయిదు గంటలు అటు, అయిదు గంటలు యిటు. ఎందుకు పోతున్నానో నాకే తెలీదు. కాలు ఏదో ఒకటి తొక్కుతూ వుండాలంతే. పోలీసు ఆపి, ఎక్కడికని అడిగితే చెప్పలేకపోయాను. అప్పుడనిపించింది, కోవాల్‌స్కీ ఎందుకు చెప్పలేదో. తర్వాత ఈ కారు కొన్నాను. నాన్న వస్తే ఎక్కిస్తానని మొక్కుకున్న కారు. ఆయన ఎక్కలేదు, కనీసం వుండనీ అని. నువ్వు రాసింది తప్పేం కాదులే. నీ చోట నేనున్నా అదే రాద్దును."

రెండేళ్లు కడుపులో పెట్టుకున్న కోపం అంత తేలిగ్గా పోతుందని నేననుకోలేదు. అతని దగ్గర కారు వుంది. నా దగ్గర నాన్న పదకొండు రోజులున్నాడు. ఎవరిది నష్టం?

ఏదో ఒకటి అనాలి గదా. సినిమా వ్యాసాలు రాసుకుని బతికేవాణ్ణి, నాకు తెలిసింది సినిమానే. "అన్నయ్యా, నీకొక సంగతి తెలుసా?" అన్నాను. "ఆఖరి సీన్లో బుల్‌డోజర్లని గుద్దింది ఛాలెంజర్ కాదు."

తల తిప్పి చూశాడు.

"నిజం. అది 1967 కమారో. ఇంజను పీకేసి, ముందు భాగంలో మందు కూరి, తాడు కట్టి లాగించారు. ఆపి ఆపి చూస్తే కనిపెట్టవచ్చు. సినిమాలో కాలిపోయింది డూపు. ఛాలెంజర్‌కి ఆ సీన్లో ఏమీ కాలేదు."

అన్నయ్య కాసేపు స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే నాన్న చెప్పిందే రైటన్నమాట."

అటు తర్వాత

కారు ఆ వారమే అమ్ముడుపోయింది. కొన్నవాడు యిరవై రెండేళ్ల కుర్రాడు. బేరం కూడా ఆడలేదట.

కొత్త ఛాలెంజర్ కథ కూడా ఆ ఏడాదే ముగిసింది. నిజానికి పాతదానికంటే ఇది పెద్ద హిట్టు. 2015 మోడల్ "హెల్‌క్యాట్"లో 707 హార్స్‌పవర్ పెట్టారు. 2021లో అమెరికా అమ్మకాల్లో మస్టాంగ్‌ని కూడా దాటేసింది. ఆఖరి ఏడాది "డెమన్ 170" అని 1,025 హార్స్‌పవర్‌తో ఒకటి వదిలారు... ఆరిపోయే ముందు దీపం అంటారే, అట్లా. పొగ నిబంధనలు బిగిసి, కంపెనీలన్నీ కరెంటు కార్ల వైపు చూస్తున్న రోజులవి. 2023 డిసెంబరు 22న కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీ నుంచి ఆఖరి ఛాలెంజర్ బయటికొచ్చింది. బారీ న్యూమన్ కూడా అదే ఏడాది మే నెలలో కన్నుమూశాడు.

2024లో డాడ్జ్ వారు బ్యాటరీతో నడిచే ఛార్జర్ తెచ్చారు. దానికి ఇంజను లేదు గనక చప్పుడూ లేదు. అందుకని స్పీకర్లలోంచి పాత ఇంజను గర్జనలాంటి చప్పుడు వినిపించే ఏర్పాటు చేశారు. మన సినిమావాళ్లకి ఇది కొత్తేమిటి? ప్లేబాక్ పాటే గదా! దాన్ని చూసి వెక్కిరించడం నాకు చాతకాదు. మా నాన్న పళ్లెం పట్టుకుని నోటితో చేసిన ఇంజను చప్పుడు కూడా అసలుది కాదుగా. అదే మాకు అసలైంది.

ఆ శనివారం రాత్రి యింటికి తిరిగి వస్తున్నప్పుడు రోడ్డు ఖాళీగానే వుంది. బానెట్ కింద 5.7 లీటర్ల హెమీ వుంది. ఒక్కసారి తొక్కి చూపిస్తాడేమో అనుకున్నాను. అన్నయ్య యింటిదాకా ముల్లు నలభై దాటనివ్వలేదు.

నలభై అంటే మైళ్లలో. మన కిలోమీటర్లలో వేసుకుంటే, కాస్త అటూ ఇటూగా, నాన్న అరవై.